పిల్లల నరాల డాక్టరు ఆటలాడించి పంపాడు, ఈఈజీ అనే పరీక్ష రాశాడు, స్కాన్ వద్దన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి

యార్డు గుమస్తా, గుంటూరు (రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాని. పొద్దస్తమానం టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి చిట్టా రాయడమే పని. ఇట్టాంటి సంగతులు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి. పొడుగు కూడా అయింది.

మా పాపకి ఏడేళ్లు, రెండో తరగతి. దసరా సెలవులయ్యాక స్కూలు నుంచి ఒకటే కంప్లైంటు. పరధ్యానం, పిలిస్తే పలకదు, చెప్పింది సగమే రాస్తుంది. మేడం డైరీలో ఎర్ర పెన్నుతో మూడుసార్లు రాసి పంపింది. ఇంట్లో చూస్తే పిల్ల బాగానే ఉంటుంది. తింటుంది, ఆడుతుంది, తమ్ముడి జుట్టు పీకుతుంది. కాకపోతే ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు దాకా గడగడా వచ్చి ఆగిపోద్ది. అట్టా గోడ వంక చూస్తది. నేను 'ఊఁ, తర్వాత?' అని రెండుసార్లు అనేలోగా తొమ్మిది ఐదులు నలభై ఐదు అంటూ మళ్లీ అందుకుంటది. గుర్తు తెచ్చుకుంటోంది కాబోలు అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం డిక్టేషన్ పుస్తకం తిరగేశాను. చిట్టాలు సరిచూసే కన్ను కదా, తేడా అక్కడ చిక్కింది. స్పెల్లింగు తప్పులు తక్కువే. మధ్యలో అసలు మాటలే లేవు! పది మాటలు ముత్యాల్లా ఉంటాయి, రెండు గల్లంతు, మళ్లీ ఆరు సరిగ్గా. ఒకచోట పెన్సిలు గీత కిందికి జారిపోయింది. బద్ధకంగా ఉన్న పిల్ల చివర్లో ఎగ్గొడుతుంది గానీ నడిమధ్యలో వదిలి మళ్లీ ఎందుకు అందుకుంటది?

మా అమ్మ దిష్టి అంది. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది (మా ఇంట్లో వాటికి కరువా). ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చింది. తేజా రకం కాయ కాలితే ఘాటు రాకపోవడమేంటో నాకైతే అంతుపట్టలేదు. కళ్ల డాక్టరుకు చూపించాం, చూపు బాగుంది. చెవులూ బాగున్నాయి. మామూలు పిల్లల డాక్టరొకాయన బలానికని టానిక్కు రాశాడు, రెండు సీసాలు తాగింది.

పోయిన గురువారం కొత్తపేటలో పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పోయాం. ఏడొందల ఫీజు. మూడు గంటలు కూర్చోబెట్టి లోపలికి పిలిచి ఆయన చేసిందేంటయ్యా అంటే ఆట. నిజం చెబుతున్నా. టేపుతో తల చుట్టుకొలత తీశాడు, మా దర్జీలాగే. కాలి మడమల మీద నడవమన్నాడు, మునివేళ్ల మీద నడవమన్నాడు, గచ్చు మీద టైల్సు గీత వెంబడి అడుగు వెనక అడుగు వేయమన్నాడు. ఒంటికాలి మీద గెంతమన్నాడు. కింద కూర్చోబెట్టి చేతుల సాయం లేకుండా లేవమన్నాడు. కళ్లు మూసుకుని చేతులు చాపి నిలబడమన్నాడు. తన వేలిని, దాని ముక్కుని మార్చి మార్చి ముట్టుకోమన్నాడు. రబ్బరు సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు, పాప పకపకా నవ్వింది. అరికాలి మీద స్కూటర్ తాళంతో గీకాడు. గౌను పైకెత్తి వీపంతా చూశాడు, ఎందుకో మరి. చీకటి చేసి కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. మనిషి బొమ్మ గీయమన్నాడు.

చివర్లో ఒక కాగితం ముక్క చేతికిచ్చి ఊదుతూనే ఉండమన్నాడు. పాప ఊదింది, ఊదింది, నిమిషంన్నర అయ్యేసరికి అలిసిపోయి ఆపేసింది. అప్పుడు ఈయన ఉన్నట్టుండి 'ఏనుగు' అన్నాడు. కాసేపాగి, ఇందాక నేనేమన్నాను అని అడిగాడు. పాప నా మొహం చూసింది. నాకు నవ్వొచ్చింది, ఆయన మాత్రం నవ్వలేదు. కాగితం మీద ఈఈజీ అని రాసి, నిద్ర తక్కువగా ఉంచి తీసుకురండి అన్నాడు. స్కాన్ తీద్దామా అంటే ఇప్పుడు అవసరం లేదన్నాడు. బయట నలభై మంది ఉన్నారు, అంతకన్నా అడగలేకపోయాను.

నా అనుమానాలు. ఆ ఆటలన్నీ ఎందుకు? మెదడుకి సంబంధించింది అయితే స్కాన్ తీయకుండా ఎట్టా తెలుస్తది? మా బామ్మర్ది హైదరాబాదు తీసుకుపోయి ఎమ్మారై తీయిద్దాం అంటున్నాడు. ఇంకోటి, ఈఈజీ అంటే తలకి కరెంటు పెడతారంట, పసిపిల్లకి వద్దు అని మా అమ్మ రెండు రోజులుగా అన్నం మానేసింది.

బెజవాడ బుల్లోడు (రాత్రి 11:02)

అన్నా, ఆలోచించకుండా ఎమ్మారై కొట్టించు. ఇవాళారేపు సుత్తులూ తాళాలూ ఏంటి, పాతకాలం. మిషన్లో పెడితే ఒక్కసారే తేలిపోద్ది. రోజూ పరగడుపున సరస్వతి ఆకు కూడా పెట్టు, జ్ఞాపకశక్తికి మంచిదంటారు.

వైర్ల అక్క, విజయవాడ (ఉదయం 6:15)

గుమస్తా గారూ, నేను సూర్యారావుపేటలో ఈఈజీ టెక్నీషియన్ని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. డాక్టర్ని కాదు. రిపోర్టు చదివి ఇది ఫలానా జబ్బు అని చెప్పే హక్కు నాకు లేదు. కానీ మీరు ఆట అన్నారే, దాన్ని చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ ఏడొందలకి ఆయన చేసిన పని మీకు తెలియాలి.

ముందు సుత్తి. మోకాలి చిప్ప కింద కండని ఎముకకి కలిపే పట్టీ (టెండన్) మీద కొడితే కాలు తన్నుకుంటుంది. ఆ కబురు వెన్నుపాము దాకా వెళ్లి అక్కణ్ణుంచే తిరిగొస్తుంది, మెదడు అనుమతి అక్కర్లేదు. మెదడు చేసే పనల్లా దాన్ని అదుపులో పెట్టడం. పైనుంచి వచ్చే దారిలో దెబ్బ ఉంటే కాలు మరీ ఎగిరిపడుతుంది. నరంలోనో కండలోనో తేడా ఉంటే అసలు కదలదు. కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయా అన్నదే వాళ్లు ముఖ్యంగా చూసేది. అరికాలి గీకుడూ అంతే. మీ పాప వయసులో కాలివేళ్లు కిందికి ముడుచుకోవాలి. బొటనవేలు పైకి లేచిందంటే మెదడు నుంచి దిగే దారిలో ఏదో ఉన్నట్టు. నెలల పిల్లలకి లేచినా తప్పు లేదు, వాళ్లకి ఆ దారి ఇంకా పూర్తిగా తయారవదు.

గీత వెంబడి నడక, ముక్కు-వేలు ఆట చిన్నమెదడు కోసం. అది సరిగా పనిచేయకపోతే వేలు గురి తప్పుతుంది, దగ్గరికొచ్చే కొద్దీ వణుకుతుంది. కళ్లు మూయించి చేతులు చాపించడం ఎందుకంటే, ఒక పక్క కొంచెం బలం తగ్గినా ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగుతుంది. తల్లిదండ్రులు ఏడాదిపాటు గమనించనిది పది సెకన్లలో బయటపడుతుంది. చేతుల సాయం లేకుండా లేవమన్నది కండల జబ్బు కోసం. అది ఉన్న పిల్లలు తమ తొడల మీదే చేతులు పెట్టుకుని ఎగబాకినట్టు లేస్తారు. వీపు చూసింది మచ్చల కోసం. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు చర్మం, మెదడు ఒకే పొర నుంచి తయారవుతాయి. అందుకే కొన్ని మెదడు జబ్బులు చర్మం మీద తెల్లగా వెలిసిన మచ్చలుగానో కాఫీరంగు మచ్చలుగానో ముందే ఆనవాలు ఇస్తాయి.

స్కాన్ లేకుండా ఎట్టా తెలుస్తది అన్నారు కదా. చీకట్లో కంట్లోకి లైటు వేసి చూసింది దాని కోసమే. కంటి నరం నేరుగా మెదడు నుంచి వస్తుంది. తలలో గడ్డ గానీ నీరు గానీ చేరి ఒత్తిడి పెరిగితే ఆ నరం మొదలు ఉబ్బుతుంది. అది బాగుంది, నడక బాగుంది, రెండు పక్కలా సమానంగా ఉంది, తల కొలత వయసుకి తగ్గట్టుంది. ఇవన్నీ చూసుకున్నాకే ఆయన స్కాన్ ఇప్పుడు అక్కర్లేదన్నాడు. బుల్లోడు బాబూ, పాతకాలం అన్నావు గానీ స్కాన్ మెదడు ఆకారం చూపిస్తుంది. పని చేస్తోందా లేదా అన్నది అన్నిసార్లూ చూపించదు. ఫ్యాను ఫొటో చూసి అది తిరుగుతుందో ఆగి ఆగి తిరుగుతుందో చెప్పగలవా?

ఇక కాగితం ఊదడం. గుమస్తా గారూ, పాప అలిసిపోయి ఆపిందని రాశారు. నాకలా అనిపించలేదు. అలిసిపోయిన పిల్లకి ఏనుగు అన్న మాట వినపడుతుంది. ఆయన సరిగ్గా పాప ఆగిన క్షణంలో ఆ మాట ఎందుకు అన్నాడో, తర్వాత ఎందుకు అడిగాడో ఆలోచించండి. గట్టిగా ఊదుతూ పోతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గిపోతుంది. కొందరు పిల్లలకి ఆ స్థితిలో కొద్ది సెకన్లపాటు స్పృహ స్విచ్చి ఆపినట్టు ఆగిపోతుంది. కింద పడరు, కాళ్లూ చేతులూ కొట్టుకోవు. అయిపోగానే ఏమీ జరగనట్టు వదిలిన చోటు నుంచి అందుకుంటారు. రోజుకి పదులసార్లు రావచ్చు. ఆ మాటకొస్తే మీరు డాక్టరుగారికన్నా ముందే డిక్టేషన్ పుస్తకంలో దాన్ని పట్టుకున్నారు. ఆ పుస్తకం ఆయనకి చూపించారా? ఈసారి తీసుకెళ్లండి.

అమ్మగారికి ఇలా చెప్పండి. ఈఈజీలో కరెంటు పెట్టం. లోపలికి ఏమీ పంపం. మెదడులో పుట్టే కరెంటునే మిషన్ వింటుంది, డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు. అది ఎంత చిన్నదంటే టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టు కదా, ఇది మామూలుగా వోల్టులో పదివేలోవంతు కూడా ఉండదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మొదటిసారి మనిషి తల మీద దీన్ని నమోదు చేశాడు. వందేళ్లు దాటింది, ఇప్పటికీ వైర్లు తల మీద అతికించడమే.

తయారీ జాగ్రత్తగా వినండి, మనవాళ్లు ఇక్కడే చెడగొడతారు. ముందురోజు తలంటి పోయండి, తర్వాత చుక్క నూనె కూడా పెట్టొద్దు. నూనె తలకి మా పేస్టు పట్టదు, గీతలన్నీ చెత్తగా వస్తాయి. నున్నగా నూనె రాసి, రెండు జడలేసి, పూలు పెట్టి మరీ తెస్తారు కొందరు, పరీక్షకి కాదు పేరంటానికి వచ్చినట్టు. నిద్ర సంగతి మీ సెంటర్ వాళ్లు చెప్పినట్టు చేయండి. మా దగ్గర ఈ వయసు పిల్లల్ని రాత్రి 11కి పడుకోబెట్టి 4కి లేపమంటాం. టిఫిన్ పెట్టి తీసుకురండి, ఆకలితో ఉంటే గీతలు మారతాయి. ఆటోలో మాత్రం కునుకు తీయనివ్వొద్దు! తల మీద ఇరవై చిల్లర వైర్లు అంటిస్తారు, నొప్పి ఉండదు, చక్కిలిగిలి అంతే. లైటు మిణుకు మిణుకుమనిపిస్తారు, ఊదమంటారు, నిద్రపుచ్చుతారు. గంట పడుతుంది.

ఇంకో మాట. మొదటి ఈఈజీలో ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదు. మీ పాపకున్నది నేననుకుంటున్నదే అయితే మాత్రం ఊదినప్పుడు దాదాపుగా దొరుకుతుంది.

కృష్ణలంక అమ్మ (ఉదయం 9:30)

అక్క చెప్పింది నిజమే కానీ మా బాబు విషయంలో స్కాన్ తీయాల్సి వచ్చింది. అదీ రాస్తాను.

వాడికి తొమ్మిదేళ్లప్పుడు ఇలాగే చూపు నిలబడిపోయేది. వాడికి మాత్రం కుడి మూతి పక్కకి లాగేది, కుడి చెయ్యి టకటకా కొట్టుకునేది. అయిపోయాక అరగంట మాట ముద్దగా వచ్చేది, నిద్రపోయేవాడు. ఎవరికి చెప్పినా డాక్టరు ముందు ఎప్పుడూ రాదు కదా. మా ఆయన ఫోన్‌లో వీడియో తీశారు, నలభై సెకన్లు. డాక్టరు అది రెండుసార్లు చూసి, ఒక పక్కే వస్తోంది కాబట్టి ఎమ్మారై కావాలన్నారు. మెదడులో ఎడమవైపు చిన్న తిత్తి, చుట్టూ వాపు. బద్దెపురుగు తిత్తి అన్నారు.

మేము గుడ్డు కూడా ముట్టం. పంది మాంసం తింటేనే వస్తుందని మా అత్తగారు డాక్టరుతో వాదనకి దిగారు. ఆయన ఓపిగ్గా చెప్పారు. మాంసంతో వచ్చేది పొట్టలో పురుగు. మెదడులోకి చేరేది దాని గుడ్ల నుంచి. ఆ పురుగు కడుపులో ఉన్న మనుషుల మలం సోకిన నీళ్ల మీద, సరిగా కడగని ఆకుకూరల మీద గుడ్లుంటాయి, అవి ఎవరి కడుపులోకైనా పోతాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్తిమీర మూడు నీళ్లలో కడగందే పప్పులోకి పోదు. ఆల్బెండజోల్ అనే పురుగుల మందు, దాంతోపాటు వాపు తగ్గే మందు, ఫిట్స్ మందు వాడాం. ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీస్తే తిత్తి కరిగిపోయింది.

గుమస్తా గారూ, వీడియో తీయండి. అది చాలు.

వైర్ల అక్క, విజయవాడ (ఉదయం 9:48)

అమ్మగారూ, తేడా అదే. ఒక పక్కే లాగడం, తర్వాత మాట పోవడం ఉంటే స్కాన్ ముందు వరుసలోకి వస్తుంది. మీ వీడియో సగం రోగనిర్ధారణ చేసేసింది.

తెనాలి టీచరమ్మ (సాయంత్రం 5:20)

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఈ పోస్టు చదివి చాలాసేపు ఊరుకోలేకపోయాను. కొన్నేళ్ల క్రితం నా క్లాసులో ఒక పిల్లాడు ఇలాగే ఉండేవాడు. పాఠం మధ్యలో చూపు తేలిపోయేది. నేను వాణ్ణి బెంచీ ఎక్కించాను, ఒకసారి కాదు. బెంచీ మీద నిలబడి కూడా అలాగే ఆగిపోయేవాడు. పొగరు అనుకున్నాను. తర్వాత స్కూలు తనిఖీకి వచ్చిన ఆరోగ్య బృందంలో డాక్టరమ్మ వాణ్ణి చూసి పెద్దాసుపత్రికి రాసింది. వాడికి మూర్ఛ అని తెలిశాక నాకు మూడు రాత్రులు నిద్ర లేదు.

అప్పటి నుంచి నేను చేసే పని చెబుతాను, మీ పాప మేడంకి చూపించండి. పిల్ల అలా చూస్తుంటే అరవకుండా దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తాను. పగటికలలు కనే పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూస్తుంది. అసలైనది అయితే నా చెయ్యి పడిన సంగతే తెలియదు, రెప్పలు టపటపమంటూ ఉంటాయి, ఒక్కోసారి పెదాలు చప్పరిస్తున్నట్టు కదులుతాయి, తనంతట తనే వస్తుంది. ఏ పీరియడ్‌లో ఎన్నిసార్లు అని అటెండెన్స్ రిజిస్టర్ వెనక పేజీలో గీతలు పెడతాను. ఆటల పీరియడ్‌లో కూడా వస్తోందా అన్నది డాక్టర్లు తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే పరధ్యానం పిల్లలకి ఆటలో పరధ్యానం ఉండదు.

చిలకలూరిపేట కోడలు (రాత్రి 8:05)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి పది నెలలు. ఏది ఇచ్చినా ఎడమచేత్తోనే అందుకుంటాడు, కుడిచెయ్యి పిడికిలి బిగించే ఉంచుతాడు. మా మామగారిది ఎడమచేతివాటం, తాత పోలిక అని అందరూ మురిసిపోతున్నారు. నాకెందుకో గుబులుగా ఉంది.

వైర్ల అక్క, విజయవాడ (రాత్రి 8:31)

అమ్మా, నీ గుబులే నిజం, ఈ వారమే చూపించు. పది నెలల పిల్లాడికి చేతివాటం ఏర్పడదు. ఏడాదిన్నర దాటేదాకా రెండు చేతులూ సమానంగా వాడాలి. అంతకుముందే ఒకే చెయ్యి వాడుతున్నాడంటే రెండో చేతికి ఏమైందని చూడాలి. ఆ పిడికిలి కూడా మూడు నాలుగు నెలలకే విచ్చుకోవాల్సింది.

డబ్బు గురించి ఆగొద్దు. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం ఉంది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా. టీచరమ్మ చెప్పిన స్కూలు తనిఖీ బృందాలు దాని కిందవే. వాళ్లు పంపేది జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీకి, మనవాళ్లు సత్వర చికిత్సా కేంద్రం అంటారు. మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. నువ్వు వెళ్లేటప్పుడు మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు బోర్లాపడ్డాడు, ఎప్పుడు కూర్చున్నాడు అన్నీ కాగితం మీద రాసుకెళ్లు. రెండేళ్లలోపు పిల్లలకి తిరువనంతపురంలో తయారుచేసిన 17 అంశాల పట్టిక ఒకటుంది, చాలాచోట్ల దాంతోనే మొదలుపెడతారు, పది నిమిషాల పని. కాన్పు కష్టమైందా, పుట్టగానే ఏడ్చాడా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. అత్తగారు పక్కనున్నారని మొహమాటపడకు.

యార్డు గుమస్తా, గుంటూరు (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:50)

అందరికీ దండాలు. ఆలస్యమైంది, యార్డులో సరుకు ఒత్తిడి.

ఈఈజీ అయింది. వైర్ల అక్క రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. గుండె చప్పుడు విన్నట్టు అన్న దగ్గర కొంచెం మెత్తబడింది. తలకి నూనె వద్దనే దగ్గర మళ్లీ గొడవ. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి నూనె లేని తల చూళ్లేదు ఆమె. కుంకుడుకాయతో తలంటి, చేతులు కట్టేసుకుని కూర్చుంది పాపం.

తెల్లవారుజామున నాలుక్కి లేపి డాబా మీద నడిపించాను. చలి. పాపకి సరదాగానే ఉంది, నాకే నిద్రొచ్చింది. ఎక్కాలు చెప్పుకుంటూ నడిచాం. ఈసారి ఆగిపోయినప్పుడు టీచరమ్మ చెప్పినట్టు భుజం మీద చెయ్యి వేశాను. తెలియలేదు దానికి. సెల్‌ఫోన్ లైటులో రెప్పలు కొట్టుకోవడం మొదటిసారి చూశాను. ఐదు నెలలు పక్కనే కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకున్నవాణ్ణి, ఎట్టా చూడలేదో.

సెంటర్‌లో అమ్మాయి తలంతా పేస్టు పూసి వైర్లు పెట్టింది. ఊదడానికి కాగితం బదులు రంగురంగుల గాలిపంక ఇచ్చారు, తిరునాళ్లలో అమ్మేదే. నన్ను లోపల ఉండనిచ్చారు. తెర మీద గీతలు చూస్తే మా సేటు సంతకంలా ఉన్నాయి, ఏదీ అర్థం కాదు. పాప ఊదుతోంది, పంక తిరుగుతోంది. రెండో నిమిషంలో పంక ఆగింది. అదే క్షణాన తెర మీద అన్ని గీతలూ ఒక్కసారి ఇంతెత్తున లేచాయి. పై నుంచి కింది దాకా ఒకే అచ్చు, సెకనుకి మూడు చొప్పున, కొలిచి కుట్టినట్టు. నేను లెక్కపెట్టాను, అలవాటు కదా, పదకొండు సెకన్లు. గీతలు మళ్లీ చిందరవందరగా పడిపోయాయి, పంక తిరిగింది. పాప నా వంక చూసి 'నాన్నా, ఊదనా ఇంకా?' అంది.

నాకు అక్కడ కాళ్లలో బలం పోయింది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఒక గుర్తు పెట్టుకుంది.

డాక్టరు ఈసారి తీరిగ్గా చెప్పాడు. బాల్యంలో వచ్చే ఒక రకం మూర్ఛ, ఆబ్సెన్స్ అంటారంట. చాలామంది పిల్లలకి పెద్దయ్యేసరికి పోతుందన్నాడు. స్కాన్ మళ్లీ అడిగాను, బామ్మర్ది పక్కనే ఉన్నాడు. పరీక్ష అంతా మామూలుగా ఉండి గీతలు ఇంత స్పష్టంగా ఉంటే అక్కర్లేదు, మందుకి లొంగకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. డిక్టేషన్ పుస్తకం చూపించాను. పేజీలు ఒక్కొక్కటే తిప్పి ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు. నా చిట్టా కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

ఎథోసక్సిమైడ్ అని సిరప్ రాశాడు. మా బ్రాడీపేట షాపులో లేదు, రెండు రోజులకి తెప్పించి ఇచ్చారు. మొదట్లో కడుపునొప్పి అంది, అన్నం తిన్నాక వేస్తుంటే తగ్గింది. నా అంతట నేను ఒక్క పూట కూడా ఆపకూడదంట, ఎన్నాళ్లో ఆయనే చెబుతాడు. కాలవలో స్నానానికి ఒంటరిగా దింపొద్దు, డాబా మీద పిట్టగోడ ఎక్కనివ్వొద్దు, రద్దీ రోడ్డు మీద సైకిలు ఇప్పుడే వద్దు. ఇవన్నీ మేడం డైరీలో నేనే ఎర్ర పెన్నుతో రాసి పంపాను. పాపం ఆమె సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

నిన్న పాత డిక్టేషన్ పుస్తకాలు అటక మీద నుంచి దింపాను. ఆగస్టులోనే ఉన్నాయి ఖాళీలు, దసరా దాకా కూడా లేదు. ఆ ఖాళీ ఉన్న పేజీ కింద నేను సంతకం పెట్టి, పది సార్లు తిరగరాయి అని రాసి ఉంది. పాప పదిసార్లూ రాసింది. అందులో కూడా మూడు చోట్ల ఖాళీలున్నాయి.

ఒక్కటే అనుమానం, వైర్ల అక్కా. ఆ గాలిపంక కావాలని రోజూ పేచీ పెడుతోంది. సెంటర్ వాళ్లు ఇవ్వలేదని అలిగింది. కొనిపెట్టొచ్చా?

వైర్ల అక్క, విజయవాడ (రాత్రి 10:12)

కొనిపెట్టండి. పరిగెత్తి తిప్పుకోమనండి, ఊది తిప్పొద్దని చెప్పండి. తమ్ముడికి కూడా ఒకటి కొనండి, లేకపోతే వాడి జుట్టు మిగలదు.